దొంగ దీపం

బాపయ్య పెద్దకూతురు శివపార్వతికి ఏడో తరగతి మధ్యలో చదువు ఆగిపోయింది. ఆపమని ఎవరూ అనలేదు. తెనాలి దగ్గరున్న కాస్త మాగాణీ అమ్మేసి బాపయ్య తుంగభద్ర కాలువ కింద నల్లరేగడి కొన్నాడు. ఒకరోజు పొద్దున్నే లారీ వచ్చి వాకిట్లో ఆగింది. మంచాలూ బిందెలూ ఎక్కించాక వాటి మీద పిల్లల్ని ఎక్కించారు. పరీక్షలయ్యాక వెళ్దామన్న మాట ఎవరి నోటా రాలేదు. శివపార్వతి నోటా రాలేదు. అడగడం ఆ పిల్లకి చేతకాదు. లారీ బడి ముందునుంచే పోయింది. తన తరగతి కిటికీ కనిపించినంతసేపూ చూసి, తర్వాత ఏడాది పిల్ల కాత్యాయనిని ఒళ్ళోకి లాక్కుని, దుమ్ము పడకుండా దాని మొహానికి చెయ్యి అడ్డం పెట్టింది.

వాళ్ళు దిగిన చోటు మాన్వి తాలూకాలో, మల్లట్‌కు ఇవతల, ఉపకాలువ గట్టున ఉన్న యలమందయ్య క్యాంపు. అందరికన్నా ముందొచ్చి తుమ్మలు కొట్టించి మడులు కట్టించిన పెద్దమనిషి యలమందయ్య. ఆయన పేరే క్యాంపు పేరైంది. ఉన్న కాసిని ఇళ్ళూ కృష్ణా గుంటూరు జిల్లాల నుంచి వచ్చినవాళ్ళవే. నేల మైసూరు రాష్ట్రానిది, నీళ్ళు మైసూరు రాష్ట్రానివి, నోట్లో మాట మాత్రం తెనాలిది. కూలికొచ్చే మల్లట్ ఆడవాళ్ళతో సైగలతోనూ కేకలతోనూ పని నడిపేవాళ్ళు. మగవాళ్ళకి అది సరిపోయింది.

శివపార్వతికి సరిపోలేదు. పొలానికి అన్నం తీసుకెళ్ళినప్పుడల్లా గట్టు మీద కూర్చుని, నాట్లు వేసే సిద్దమ్మ నోటినే చూస్తూ ఉండేది. సిద్దమ్మది మల్లట్. పెద్ద గొంతు, పెద్ద నవ్వు. ఏదైనా చూపించి పేరు అడిగితే చెప్పేది, తిరిగి అనమనేది. తప్పు పలికితే నడుం ఎత్తి, ఆ తప్పుని వరసలో ఉన్న ఆడవాళ్ళందరికీ వినిపించి నవ్వించేది. శివపార్వతికి చెవులు వేడెక్కిపోయేవి. ఇంటికెళ్ళే దారంతా ఆ మాటని గొంతులోనే తిప్పుకునేది. మర్నాడు సరిగ్గా అంటే సిద్దమ్మ నారు కట్ట కింద పడేసి బురద చేతులతోనే ఆమె బుగ్గలు పట్టుకునేది. అలా ఏడేళ్ళలో కన్నడం నోటికొచ్చింది. అక్షరాలు తెలుగు వాటికి చుట్టాల్లాగే ఉండేవి కాబట్టి, కొట్టువాడు పొట్లాలు కట్టిన కాగితాల మీదే కూడబలుక్కుని నేర్చుకుంది.

క్యాంపు పిల్లలకి బడి మల్లట్‌లో. కన్నడ బడే, కానీ అక్కడ క్యాంపు పిల్లల్ని వెనక వరసలో కూర్చోబెట్టి వదిలేసేవాళ్ళు, వాళ్ళకి మాట అంటుకునేది కాదు. వెళ్ళే దారికి మధ్యలో ఉపకాలువ. దాటడానికి పక్కపక్కన వేసిన రెండు దుంగలు. కాలువకి నిండా నీళ్ళు వదిలినప్పుడు నురగ ఆ దుంగల అడుగుని తాకుతూ పోయేది. కిందటి వానాకాలం బడి నుంచి వస్తూ కాత్యాయని కాలు జారి పడింది. గట్టున గడ్డి కోస్తున్న సిద్దమ్మ కొడవలి విసిరేసి దూకింది. “కూదలు హిడి! కూదలు హిడి!” అని ఒడ్డు మీది ఆడవాళ్ళు అరుస్తున్నారు. జుట్టు పట్టుకో అని. సిద్దమ్మకి జుట్టే దొరికింది. శివపార్వతి ఇంట్లోంచి పరుగెత్తుకొచ్చేసరికి పిల్లని బోర్లా పడుకోబెట్టి నీళ్ళు కక్కిస్తున్నారు.

ఆ సాయంత్రం బాపయ్య పలకా సంచీ తీసి అటక మీద పెట్టాడు.

“ఇంక చాలు. దీని చదువు అయిపోయింది.”

“రెండో తరగతేగా నాన్నా,” అంది కాత్యాయని, దుప్పటిలోంచి.

“రెండైతే ఏం? మీ అక్క ఏడు దాకా చదివి ఏం ఏలుతోంది? పిడకలు చెయ్యటానికి రెండు చాల్లే.”

తల్లి వెంకటరత్నమ్మ పొయ్యి ముందునుంచి కదలకుండానే అంది: “బడి మన క్యాంపులోకే వస్తేనో?”

“వస్తే వెళ్ళమను. నేను కాదంటానా? కాలవ దాటి మాత్రం ఆడపిల్ల అడుగు పెట్టటానికి వీల్లేదు. నా మాట ఇంతే.”

శివపార్వతి స్తంభం పక్కన నిలబడి ఉంది. అటక మీంచి పలక మూల ఒకటి బయటికి కనిపిస్తోంది. ఆమెకి లారీ గుర్తొచ్చింది. ఈసారి కూడా నోరు పెగల్లేదు. కానీ తండ్రి నోటి నుంచి వచ్చిన ‘వస్తే’ అన్న మాటని మాత్రం గట్టిగా పట్టుకుంది.

యలమందయ్య తాలూకా ఆఫీసు చుట్టూ తిరిగి తిరిగి ఒక కబురు తెచ్చాడు. బడి ఇస్తారు, కానీ కన్నడ బడి. ఈ ఏడు ఒక్క చోటే ఇస్తారు. అవతలి క్యాంపు వాళ్ళూ అడుగుతున్నారు. సుగ్గికి, అంటే సంక్రాంతి కోతలకి ముందు ఇన్‌స్పెక్టరు వస్తాడు. కన్నడంలో చెబితే ఈ పిల్లలు అందుకోగలరనిపిస్తే బడి ఇక్కడ. లేదంటే అక్కడ.

“మన బాపయ్య కూతురు ఉందిగా. కూలోళ్ళతో మాట్లాడుద్ది,” అన్నాడు యలమందయ్య. “ఏమ్మాయ్, పిల్లలకి నాలుగు ముక్కలు చెప్పగలవా?”

శివపార్వతి తలూపింది. చెప్పగలనని కాదు, చెప్పలేనని అనడం రాక.

ఎరువుల షెడ్డులో బస్తాలు ఒక పక్కకి నెట్టి పిల్లల్ని కూర్చోబెట్టారు. ముక్కు పుటాలు మండే వాసన. శివపార్వతి నిలబడి పాఠం మొదలుపెడితే ఆమె గొంతు రెండో వరస దాటేది కాదు. వెనకవాళ్ళు బస్తాల మీదెక్కి జారేవాళ్ళు. ఆమె ఆగి, వాళ్ళు దిగేదాకా చూసి, మళ్ళీ మొదలుపెట్టేది. వాళ్ళు మళ్ళీ ఎక్కేవాళ్ళు. వెనకింటివాళ్ళ మనవడు గోపి అయితే, “అక్కా, నువ్వు చెప్తున్నావా, జపం చేసుకుంటున్నావా?” అని అడిగేశాడు. ఆ రోజు ఇంటికొచ్చి ఆమె అన్నం తినలేదు. కాత్యాయని మాత్రం ముందు వరసలో కూర్చుని అక్క పెదాలనే చూస్తూ ఉండేది. అలా చూడటం శివపార్వతికి మరీ భయంగా ఉండేది. ఇన్‌స్పెక్టరు కాదని వెళ్ళిపోతే ఆ పిల్ల జీవితం తన జీవితంలాగే అయిపోతుంది. తన గొంతు చాలకపోవడం వల్లే అయిపోతుంది.

అలాంటప్పుడు రంగా వచ్చాడు.

రంగాది రాయచూరు బజారులో రేడియోలు బాగుచేసే దుకాణం. ఆ ఊళ్ళో పాతకాలం నుంచి ఉన్న తెలుగు వర్తకుల కుటుంబం. తండ్రి గుడ్డలు అమ్ముకుంటే కొడుకు తీగలు పట్టుకున్నాడు. యలమందయ్య తన రేడియో బాగుచేయించుకోవడానికి వెళ్ళి, అక్కడ కూర్చుని క్యాంపు కష్టమంతా చెప్పుకున్నాడట. తర్వాతి వారం రేడియోతో పాటు రంగా కూడా బస్సు దిగాడు. చంకలో గోనెగుడ్డ చుట్టిన పెద్ద చెక్క.

దాని మీద ఎడమ పక్క బొమ్మలు: ఆవు, ఇల్లు, చెట్టు, పాలు, ఆకు, బియ్యం, జుట్టు విరబోసుకున్న ఆడమనిషి. కుడి పక్క కన్నడంలో వాటి పేర్లు, వరస మార్చి. ప్రతి బొమ్మ పక్కనా ప్రతి పేరు పక్కనా ఒక ఇత్తడి మేకు. పైన టార్చిలైటు బల్బు. కింద నుంచి వేలాడుతూ రెండు తీగలు.

“ఏంటయ్యా ఇది, పచ్చీసు పలకా?” అన్నాడు యలమందయ్య.

“మిషిను పెద్దాయనా, చదువు చెప్పే మిషిను! హైదరాబాద్ల నుమాయిష్‌ల చూసిన. ఇంట్ల కూసోని గిట్ల చేసిన. ఒక తీగ బొమ్మ కాడ పెట్టాలె, ఇంకోటి దాని పేరు కాడ పెట్టాలె. సహీ ఉంటే బత్తి వెలుగుతది. గలత్ ఉంటే వెలగది. కొట్టది, తిట్టది, పరేషాన్ గాదు. గిసుమంటి పంతులు యాడ దొరుకుతడు చెప్పు?”

“మధ్యాన్నం కునుకు కూడా తీయదన్నమాట!”

అందరూ నవ్వారు. రంగా శివపార్వతి వైపు తిరిగాడు. “చెల్లెమ్మా, ఒక్క మాట. ఎన్క దిక్కు ఇప్పొద్దు. తీగలు ఖరాబైతయ్.”

ఆమె సరేనన్నట్టు తలూపింది.

ఆ చెక్క వచ్చిన రోజు నుంచి షెడ్డు మారిపోయింది. బస్తాల మీద జారే పిల్లలు తెల్లారకముందే వచ్చి వరస కట్టారు. మొదట్లో తీగని మేకు మీంచి మేకు మీదికి గెంతిస్తూ, ఎక్కడో ఒకచోట దీపం వెలగ్గానే అరిచేవాళ్ళు. కొన్నాళ్ళకి తడుములాట తగ్గింది. ఇంకొన్నాళ్ళకి తీగ తాకించడం, దీపం వెలగడం ఒకేసారి అయింది. ఆడవాళ్ళు చెంబులు చేత్తో పట్టుకునే వచ్చి గుమ్మంలో నిలబడి చూసిపోయేవాళ్ళు. కాత్యాయని కళ్ళు మూసుకుని కూడా వెలిగించేది. బాపయ్య ఒకరోజు వచ్చి చూసి, మీసం దువ్వుకుంటూ వెళ్ళాడు. అటక మీది పలక ఒక అంగుళం కిందికి దిగినట్టనిపించింది శివపార్వతికి. పైగా తను గొంతెత్తక్కర్లేదు. పక్కన నిలబడి చూస్తే చాలు. చూడటం ఆమెకి బాగా తెలిసిన పని.

ఇన్‌స్పెక్టరు వచ్చే సోమవారం కాక పై సోమవారం వస్తున్నాడని తెలిశాక ఒక వాన కురిసింది. షెడ్డు కారి చెక్క మీది కాగితాలు తడిశాయి. ఆవు రంగు ఇంటి మీదికి పారింది. శివపార్వతి పాతవి చించి, కొత్త కాగితాల మీద తనే బొమ్మలు వేసి, పేర్లు రాసి అతికించింది. ఏది ఏ మేకు పక్కన ఉండేదో ఆమె పట్టించుకోలేదు. తనకి తోచిన వరసలో పెట్టేసింది. మేకులు పాతవే, వెనక తీగలు పాతవే, ముందున్న కాగితాలే కొత్తవి.

పొద్దున కాత్యాయని ముందుగా లేచి తీగలు అందుకుంది. ఆవు బొమ్మ దగ్గర ఒకటి పెట్టింది. రెండోది తిన్నగా తీసుకెళ్ళి ‘మర’ అన్న పేరు దగ్గర ఆనించింది. మర అంటే చెట్టు. దీపం వెలిగింది. పిల్లలు చప్పట్లు కొట్టారు.

శివపార్వతికి తన తప్పు తెలిసింది. కాగితాలు తారుమారయ్యాయి. కానీ ఆమె చూస్తున్నది కాగితాల్ని కాదు, చెల్లెల్ని. ఆ పిల్ల మొహంలో అనుమానం లేదు.

“ఏం పెట్టావే కాత్యా?”

“ఆవక్కా.”

“ఆ పేరు ఏమని ఉంది? చదువు.”

కాత్యాయని పేరు వైపు చూడనే లేదు. దీపం వైపు చూసింది. “వెలిగింది కదక్కా.”

“వెలిగింది సరే. అక్కడ చెట్టు అని ఉంది. ఆవుని చెట్టంటారా?”

“కన్నడంలో అంటారేమో,” అన్నాడు గోపి వెనకనుంచి.

“అనరు.”

“అయితే లైటెందుకు వెలిగింది?” వాడు లేచి నిలబడ్డాడు. “నీకు తప్పొచ్చుద్ది గానీ లైటుకి తప్పెట్టా వచ్చుద్దక్కా?”

అందరూ వాడి వైపే ఉన్నారని తెలిసింది. శివపార్వతి చెక్కని గోడకి తిప్పి పెట్టింది. ఆకు తుంచి తెచ్చి చూపించింది, కన్నడంలో ఏమంటారని అడిగింది. ఎవరూ పలకలేదు. దోసిట్లో బియ్యం తెచ్చింది. పలకలేదు. పిల్లల చూపులన్నీ గోడకి తిరిగి ఉన్న చెక్క మీదే ఉన్నాయి. ఇద్దరు ముగ్గురి వేళ్ళు గాలిలో కదులుతున్నాయి, ఇక్కడి నుంచి అక్కడికి, పై నుంచి మూడోది, కింది నుంచి రెండోది. ఇన్నాళ్ళూ వాళ్ళు నేర్చుకున్నది మేకుల్ని.

ఇన్‌స్పెక్టరు రావడానికి సరిగ్గా వారం ఉంది.

సాయంత్రం యలమందయ్య అరుగు మీద తండ్రి కూడా ఉన్నప్పుడు వెళ్ళి నిలబడింది. పిల్లలు మేకులే నేర్చుకున్నారని, మాటలు రావని చెప్పింది. విన్నాక యలమందయ్య చుట్ట పక్కన పెట్టాడు.

“పాత వరసలో అతికిస్తే వెలుగుద్దా, వెలగదా?”

“వెలుగుద్ది పెదనాన్నా. కానీ వాళ్ళకి...”

“వెలిగితే చాలు. ఆయన జీపు దిగుతాడు, చూస్తాడు, మజ్జిగ తాగుతాడు, పోతాడు. బడి వచ్చాక పంతులు నేర్పుకుంటాడు. వాడికి జీతం ఎందుకిస్తారు మరి?”

“నోటితో అడిగితేనో?”

బాపయ్య కస్సుమన్నాడు. “అడిగినప్పుడు చూద్దాం. ఇన్నాళ్ళూ నోరు లేనిదానివి, ఇప్పుడేంటే లేనిపోనివి మొలిపిస్తావు? నీ చెల్లెలి బడి నువ్వే చెడగొట్టేట్టున్నావ్.”

ఆ మాట ఆమెకి ముల్లులా దిగింది. పాత వరసలో అతికించేస్తే ఏ గొడవా లేదు. దీపం వెలుగుతుంది, బడి రావచ్చు. నోటితో అడిగితే మాత్రం అంతా పోతుంది. అడగడని నమ్మడం ఎలా? తను రోజూ పొలం గట్టున చూసిన కన్నడ మనుషులు ఎవరైనా మాట మాట్లాడి తీరతారు. నోరు మెదపకుండా వెళ్ళిపోయే ఇన్‌స్పెక్టరు ఉంటాడా?

మర్నాడు పొలంలో సిద్దమ్మతో చెప్పుకుంది. సిద్దమ్మ కలుపు తీయడం ఆపకుండానే విని, పకపకా నవ్వింది. తర్వాత తన కన్నడంలో అడిగింది: “నీకు నేర్పినప్పుడు నా నెత్తి మీద దీపం ఉందా పాపా?”

“నువ్వు నవ్వేదానివి.”

“మరి అది నవ్వుతుందా?”

శివపార్వతి ఇంటికి రాలేదు. తిన్నగా షెడ్డుకి వెళ్ళి, అక్కడున్న తండ్రి పనిముట్ల పెట్టెలోంచి స్క్రూడ్రైవరు తీసి, చెక్క వెనక పలక విప్పేసింది. రంగా వద్దన్న పని. లోపల రంగురంగుల తీగలు, ఇటు మేకు నుంచి అటు మేకుకి. ఎంత తేలికైన సంగతి! ఆమె తీగలన్నీ ఊడదీసి ఒడిలో పోసుకుంది.

పిల్లలు రాగానే రెండు జట్లు చేసింది. ఒక జట్టు చెక్క వెనక కూర్చుని తీగలు తగిలించాలి. కొన్ని నిజం, కొన్ని అబద్ధం. ఏది ఎక్కడ తగిలిస్తున్నారో తెలియాలంటే పేర్లు చదువుకోక తప్పదు. రెండో జట్టు ముందు నిలబడాలి. దీపం వెలిగినప్పుడల్లా అది నిజం చెప్పిందా, దొంగతనం చేసిందా తేల్చాలి. తేలకపోతే సిద్దమ్మని అడగాలి. మధ్యాహ్నం కూలివాళ్ళు అన్నాలు తినే వేళకి సిద్దమ్మ షెడ్డు గుమ్మంలో వచ్చి కూర్చునేది. తప్పు చెబితే తనకి అలవాటైన నవ్వే నవ్వేది. గోపి ఒకసారి పాలని ఇల్లంటే, “మీ ఇల్లు కాస్త ఇందులో పోసివ్వు, తాగుతాను” అని చెంబు చాచింది. వాడు ఆ మాట మళ్ళీ మరిచిపోలేదు.

ఆటకి పిల్లలే పేరు పెట్టుకున్నారు. దొంగ దీపం.

మూడు రోజులు గడిచాయి. కొందరికి పది మాటలు పట్టుబడ్డాయి, కొందరికి మూడు, కొందరికి ఒకటీ లేదు. శివపార్వతి రోజూ సాయంత్రం వాళ్ళ మొహాల్ని ఒక్కొక్కటే తల్చుకునేది. చాలదు. ఏ లెక్కన చూసినా చాలదు. కానీ ఒక మార్పు ఆమె కంట పడింది. దీపం వెలిగినా పిల్లలు ఇప్పుడు వెంటనే చప్పట్లు కొట్టడం లేదు. ముందు పేరు వైపు చూస్తున్నారు.

ఆదివారం యలమందయ్య ఎరువు బస్తా కోసం వచ్చి, విప్పి ఉన్న చెక్కని చూశాడు. ఆయన అరుపుకి బయట కట్టేసిన ఎద్దులు బెదిరాయి.

“రేపొద్దున ఇన్‌స్పెక్టరొస్తుంటే పేగులు తీసి పెడతావా దీనికి? ఒరే బాపయ్యా, చూడరా నీ కూతురి నిర్వాకం!”

బాపయ్య చెయ్యి పైకి లేచింది. వెంకటరత్నమ్మ మధ్యలోకొచ్చింది. ఎవరో రాయచూరు బస్సు ఎక్కారు. దీపాలు పెట్టే వేళకి రంగాని పట్టుకొచ్చారు.

“అరె, ఎవరు ఇప్పిన్రు గిది?” అంటూ కూర్చున్నాడు రంగా. తీగలు చూసి తలెత్తాడు. “చెల్లెమ్మా, నువ్వేనా?”

“కట్టింది పిల్లలే అన్నా.”

“పిల్లలా? పోరగాండ్లు గింత మంచిగ కట్టిన్రా?” ఇంకేదో అడగబోయాడు. యలమందయ్య గొంతు సవరించుకోవడంతో ఊరుకున్నాడు. కాగితాలు పాత వరసలో అతికించి, తీగలు మామూలుగా తగిలించి, వెనక పలక బిగించేశాడు. స్క్రూడ్రైవరుని యలమందయ్య తన నడుముకి దోపుకున్నాడు.

సోమవారం జీపు వచ్చింది. ఇన్‌స్పెక్టరు పెద్దగా మాటలు లేని మనిషి. గొడుగు కర్రలా పట్టుకుని నడుస్తూ, షెడ్డులోకి రాగానే ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. వెంట యలమందయ్య, బాపయ్య, క్యాంపు పెద్దలు. చెక్క పక్కన రంగా, తెల్ల చొక్కా వేసుకుని. శివపార్వతి గుమ్మం బయట, సిద్దమ్మ పక్కన నిలబడింది. ఆడపిల్ల ఎదురుగా ఉండక్కర్లేదన్నారు.

మొదటి పిల్ల తీగలు తాకించింది. దీపం వెలిగింది. రెండోవాడు, మూడోవాడు. దీపం, దీపం. ఇన్‌స్పెక్టరు రుమాలు తీసి జేబులో పెట్టుకున్నాడు. వంగి మేకులు చూశాడు, రంగాని చూసి నవ్వాడు. యలమందయ్య మొహం విప్పారింది. బయట నిలబడ్డ శివపార్వతికి ఇలాగే అయిపోతే బాగుండునని ఒక మనసు. ఇది అబద్ధమని ఇంకో మనసు.

కాత్యాయని వంతు వచ్చింది. జుట్టు విరబోసుకున్న ఆడమనిషి బొమ్మ దగ్గర ఒక తీగ పెట్టింది. రెండో తీగని ‘కూదలు’ దగ్గర ఆనించింది.

దీపం వెలగలేదు.

గట్టిగా నొక్కింది. వెలగలేదు. రంగా కళ్ళు పెద్దవయ్యాయి. నిన్న సందెచీకట్లో తొందరగా బిగించిన తీగ ఏదో లోపల ఊడిందని అతనికి అర్థమైంది. చెప్పబోయేలోపే బాపయ్య పళ్ళ బిగువున “సరిగ్గా పెట్టవే” అన్నాడు.

“తప్పు,” అన్నాడు ఇన్‌స్పెక్టరు మెల్లగా. “ఇంకోటి చూడు” అని కన్నడంలోనే చెప్పి, చేత్తో చూపించాడు.

కాత్యాయని తీగ పైకెత్తింది. ఆ చెయ్యి పక్క మేకు మీదికి వెళ్తే అంతే. అక్కడా వెలగదు, ఆ పక్కదీ వెలగదు, పిల్ల చెక్కంతా తడుముతూ పోతుంది. లోపలికి వెళ్ళి చెప్పాలి. శివపార్వతి గుమ్మం దాటలేదు. తీగ పక్క మేకు దాకా వెళ్ళింది. దాని మీద గాలిలో ఆగింది. కాత్యాయని పేరు వైపు చూసింది. దీపం వైపు చూసింది. తీగని కిందికి వదిలేసింది.

“ఇల్లరీ,” అంది. కాదండీ అని. “దీపద్దు తప్పు. నందల్ల.”

తప్పు దీపానిది. నాది కాదు.

“నోర్ముయ్యవే!” అన్నాడు బాపయ్య. ఆయనకి మాట అర్థం కాలేదు, ఎదురుచెప్పిందని మాత్రం అర్థమైంది. ఇన్‌స్పెక్టరు చెయ్యెత్తి ఆయన్ని ఆపాడు. పిల్ల ముందు గొంతుకూర్చున్నాడు.

“హ్యాంగ గొత్తు నినగ?” నీకెలా తెలుసు?

కాత్యాయని తన జడ పట్టుకుని పైకి లాగి చూపించింది. కన్నడం, తెలుగు కలిసిపోయిన ముక్కల్లో చెప్పింది. కాలవలో పడ్డాను. కూదలు హిడి, కూదలు హిడి అని అందరూ అరిచారు. సిద్దమ్మ ఇది పట్టుకునే లాగింది. ఇది కూదలు.

గుమ్మం దగ్గర సిద్దమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

ఇన్‌స్పెక్టరు లేచి, చెక్కని తనే ఎత్తి గోడకి తిప్పి పెట్టాడు. యలమందయ్య కళ్ళు మూసుకున్నాడు. ఆపైన ఇన్‌స్పెక్టరు నోటితో అడగడం మొదలుపెట్టాడు. బయటి చెట్టు చూపించాడు, తన గొడుగు చూపించాడు, జీపు చూపించాడు. ఒకరు చెప్పారు. ఇద్దరు చెప్పలేదు. గోపి పాల పేరు అడక్కుండానే చెప్పి, “ఇల్లు కాదు” అని కూడా చెప్పాడు. చివరి వరసలో ఒక పిల్ల ఏడ్చేసింది. ఆయన ఏ మొహమూ పెట్టకుండా అందర్నీ చూసి, “పాఠం చెప్పేదెవరు?” అని అడిగాడు.

యలమందయ్య వేలు చెక్క వైపు లేచింది. కాత్యాయని వేలు గుమ్మం వైపు లేచింది.

శివపార్వతి లోపలికి రావలసి వచ్చింది. ఇంతమంది మగవాళ్ళ ముందు ఆమె ఎప్పుడూ నిలబడలేదు. నేల చూస్తూనే, సిద్దమ్మ దగ్గర నేర్చుకున్న కన్నడంలోనే చెప్పింది.

“సగం మందికి ఇంకా రాదండీ. మొన్నటిదాకా వీళ్ళు మేకులు నేర్చుకున్నారు. మాటలు నేర్చుకునేది ఈ వారం నుంచే. బడి వస్తే నేర్చుకుంటారు. రాకపోతే వీళ్ళు మళ్ళీ కాలవ దాటాలి. ఆడపిల్లల్ని దాటనివ్వరు.”

చెప్పాక గమనించింది, తన మాట గుమ్మం బయట నిలబడ్డవాళ్ళ దాకా వెళ్ళింది. ఇన్‌స్పెక్టరు తలూపాడు. ఔననో, విన్నాననో తెలియలేదు. మజ్జిగ తాగాడు. వెళ్తూ వెళ్తూ జీపు ఆపించి, కాలువ మీది రెండు దుంగల దగ్గర కాసేపు నిలబడ్డాడు.

కోతలయ్యేదాకా కబురు లేదు. ఆ రోజుల్లో బాపయ్య పెద్దకూతురితో మాట్లాడలేదు. యలమందయ్య ఎదురుపడితే మొహం తిప్పుకునేవాడు. కాత్యాయని రోజూ పడుకోబోయే ముందు, “నేను ఊరుకుంటే బాగుండేదా అక్కా?” అని అడిగేది. శివపార్వతి దాని జడ విప్పుతూ, “లేదే” అనేది. ఆ ‘లేదే’ నిజమో కాదో ఆమెకీ తెలియదు. అటక మీద పలక అలాగే ఉంది.

నూర్పిళ్ళు జరుగుతుండగా యలమందయ్య కళ్ళంలోకి పరుగులాంటి నడకతో వచ్చాడు. బడి ఇక్కడికే వచ్చింది. బాపయ్య చేతిలో ఉన్న చేట కింద పెట్టి ఇంటికెళ్ళాడు. నిచ్చెన వేసుకుని అటకెక్కాడు. పలక మీది బూజు తన పంచెతోనే తుడిచి, చిన్నకూతురి చేతికి కాదు, పెద్దకూతురి చేతికిచ్చాడు. “దానికివ్వు,” అని మాత్రం అన్నాడు.

వచ్చిన పంతులికి తెలుగు ముక్క రాదు. కొత్తగా చేరే చిన్నపిల్లల్ని ఆయన శివపార్వతికి అప్పగించాడు. అది ఉద్యోగమని ఎవరూ అనలేదు, పెళ్ళయి అదే క్యాంపులో రెండు వీధుల అవతలికి వెళ్ళాక కూడా ఆమె మానలేదు. గొంతు మరీ పెద్దదేమీ కాలేదు. అయినా వెనక వరస వాళ్ళు బస్తాలెక్కడం మానేశారు. కాత్యాయని నాలుగైదు తరగతులు అక్కడే చదివి, కాలువ మీద సిమెంటు వంతెన పడ్డాక పై చదువుకి మల్లట్ వెళ్ళింది.

చెక్క షెడ్డు గోడకే ఉంది. రంగా రేడియోల పని మీద అటు వచ్చినప్పుడల్లా అడిగేవాడు: “గా ఒక్క తీగ ఊడింది గద, ఇయ్యి చెల్లెమ్మా, జర అతికిస్త.”

“వద్దన్నా. ఉండనీ.”

“ఖరాబైన మిషిను పెట్టుకోని చదువు చెప్తవా?”

ఆమె నవ్వేది. కొత్తగా బడికొచ్చిన పిల్లకి కొన్నాళ్ళు పాఠం చెప్పాక, తీగలు చేతికిచ్చి జుట్టు బొమ్మ చూపిస్తుంది. పిల్ల ‘కూదలు’ దగ్గర ఆనిస్తుంది. దీపం వెలగదు. శివపార్వతి పక్కన నిలబడి చూస్తుంది. కొందరు తీగని పక్క మేకు మీదికి జరుపుతారు. కొందరు బల్బుని గోటితో కొడతారు. ఎప్పుడో ఒకరోజు మాత్రం పిల్ల చెయ్యి ‘కూదలు’ దగ్గరే ఉంచి, వెనక్కి తిరిగి, కోపంగా ఆమె మొహంలోకి చూస్తుంది.

ఆ చూపు వచ్చేదాకా ఆమె పాఠం ముందుకి జరపదు.